తెల్లబట్ట, దురద, ఇంటిమేట్ వాష్: ఎంత శుభ్రం అవసరం, ఎక్కడ ఆపాలి

మీరు రాసింది క్లుప్తంగా మళ్లీ చెప్తాను, ఇదే ఇబ్బంది ఉన్న మరొకరు చదివినా అర్థమవుతుంది. మీకు 27 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం, లేడీస్ హాస్టల్‌లో ఉంటున్నారు. రెండేళ్లుగా తెల్లబట్ట అవుతోందని అనుమానం. అందుకని ఇంటిమేట్ వాష్ కొని పొద్దునా రాత్రీ లోపలిదాకా కడుక్కుంటున్నారు. నెల కిందట దురద మొదలైతే మెడికల్ షాపులో అడిగారు. అతను నాలుగు మాత్రల కిట్ ఒకటి చేతిలో పెట్టాడు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. మీ అమ్మగారికి 35 ఏళ్లకే "తెల్లబట్ట ఎక్కువైంది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది" అని గర్భసంచి తీసేశారు. మాఘమాసంలో మీ పెళ్లి. నాకూ అమ్మలాగే అవుతుందా, ఈలోగా రోజూ ఎలా శుభ్రం చేసుకోవాలి అని అడిగారు.

నేను గైనకాలజిస్టుని. మొదట ప్రభుత్వ ఏరియా ఆసుపత్రిలో చేశాను, ఇప్పుడు జిల్లా కేంద్రంలో సొంత క్లినిక్. మనిషిని చూడకుండా జబ్బు పేరు చెప్పను. కానీ మీ వివరాలు చదివాక ఒక మాట అనగలను. రెండేళ్ల కిందట మీకున్నది అసలు జబ్బే కాకపోవచ్చు. ఇప్పుడున్న దురదకి మాత్రం ఆ రెండు పూటల కడగడమే కారణమై ఉండే అవకాశం చాలా ఉంది.

ముందు తెల్లబట్ట సంగతి చూద్దాం. పెద్దమనిషి కావడానికి కొంచెం ముందు మొదలై ముట్లు ఆగిపోయేదాకా, ఆరోగ్యంగా ఉన్న ప్రతి ఆడమనిషికీ యోని నుంచి కొంత తడి రోజూ వస్తుంది. రోజుకి ఒకటి నుంచి నాలుగు మిల్లీలీటర్ల దాకా, అంటే ఒక టీస్పూన్ లోపు. నెలంతా ఒకేలా ఉండదు. నెలసరి అయిన కొన్ని రోజులు దాదాపు ఏమీ కనిపించదు. అండం విడుదలయ్యే రోజుల్లో గుడ్డు తెల్లసొనలా జారుడుగా, వేళ్ల మధ్య సాగేలా ఉంటుంది. తర్వాత చిక్కబడి తెల్లగా అవుతుంది. బట్ట మీద ఆరితే లేత పసుపు మరక పడుతుంది. వాసన కొంచెం పుల్లగా ఉంటుంది. నల్ల ప్యాంటీ మధ్యలో రంగు వెలిసిపోయి ఉండటం చూసి చాలామంది హడలిపోతారు. ఆ తడికి ఉన్న పులుపు వల్లే రంగు వెలుస్తుంది. లోపల అంతా సరిగ్గా ఉందనడానికి అదొక గుర్తు. గర్భంతో ఉన్నప్పుడు, కొన్ని గర్భనిరోధక మాత్రలు వాడేటప్పుడు తడి ఇంకా ఎక్కువవుతుంది.

ఎముకలు కరిగి తెల్లబట్టగా పోతాయని మన ఊళ్లలో ఇప్పటికీ అంటారు. అలా జరగదు. వేడి చేసిందని సబ్జా నీళ్లు, బార్లీ నీళ్లు తాగిస్తారు. ఎండాకాలంలో అవి మంచివే, తాగండి, కాకపోతే తెల్లబట్టకి వాటితో సంబంధం లేదు. ఇక నడుం నొప్పి, నీరసం, కళ్లు తిరగడం అన్నీ తెల్లబట్ట మీదకే నెట్టేస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. నీరసంగా ఉందని వచ్చినవాళ్లకి నేను ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ రాస్తాను. మీరు చేయించుకుని ఎన్నాళ్లయిందో చూసుకోండి.

ఆ పులుపు ఎక్కడిదో తెలిస్తే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ ప్రభావం వల్ల యోని లోపలి పొరలో గ్లైకోజన్ అనే పిండి పదార్థం చేరుతుంది. అక్కడ సహజంగా నివసించే లాక్టోబాసిల్లస్ బాక్టీరియా దాని మీద బతుకుతూ లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి. పాలు తోడుకున్నప్పుడు గిన్నెలో జరిగేది కూడా దాదాపు ఇదే పని. జర్మనీ డాక్టర్ ఆల్బర్ట్ డోడర్‌లైన్ ఈ బాక్టీరియా గురించి 1892లోనే వివరించాడు. పులుపుని కొలిచే అంకెని పీహెచ్ అంటారు, అది ఎంత తక్కువైతే పులుపు అంత ఎక్కువ. ఆ ఆమ్లం వల్ల లోపలి పీహెచ్ 3.8 నుంచి 4.5 మధ్య నిలుస్తుంది. చెడు చేసే క్రిములు చాలావరకు ఆ పులుపులో పెరగలేవు. పాత కణాలు రాలి ఆ తడితో పాటు బయటికి వచ్చేస్తాయి. అంటే లోపలి భాగం తనను తానే కడుక్కుంటోంది. మనం వాడే సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. రోజూ రెండు పూటలా దాన్నో, మరో ద్రవాన్నో లోపలికి పంపిస్తే ముందు పోయేది కాపలా ఉన్న బాక్టీరియాయే. లోపల కడుక్కునే అలవాటు ఉన్నవాళ్లలో బాక్టీరియల్ వెజైనోసిస్ అనే సమస్య, గర్భసంచి గొట్టాల ఇన్ఫెక్షన్ ఎక్కువగా కనిపిస్తాయి. వాసన వస్తోందని కడిగితే బాక్టీరియా పోతుంది, అది పోతే వాసన పెరుగుతుంది, వాసన పెరిగిందని ఇంకా గట్టిగా కడుగుతారు. నా దగ్గరికి ఏళ్ల తరబడి ఈ చక్రంలో తిరిగి తిరిగి వచ్చినవాళ్లు ఉన్నారు.

కాబట్టి లోపలికి ఏదీ వద్దు. వేలు పెట్టి కడగొద్దు, జెట్ స్ప్రే లోపలికి కొట్టొద్దు. పసుపు నీళ్లు, వేపాకు కషాయం, నిమ్మరసం, వెల్లుల్లి రెబ్బ, యాంటీసెప్టిక్ లిక్విడ్, ఏదైనా సరే. యూట్యూబ్‌లో పెరుగు పెట్టుకోమని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. పెరుగు అన్నంలోకి. ఇంటిమేట్ వాష్ సీసా మీద లాక్టిక్ యాసిడ్ అనో, పీహెచ్ బ్యాలెన్స్ అనో రాసి ఉంటుంది. బయటి చర్మానికి ఎప్పుడైనా కొంచెం వాడితే కొంపలేమీ మునగవు. కానీ అది లేకపోతే శుభ్రం లేనట్టు మనల్ని నమ్మించింది ప్రకటనలు. మామూలు నీళ్లు చాలు.

రోజూ చేయాల్సింది నిజానికి చాలా తక్కువ. స్నానం చేసేటప్పుడు బయటి భాగాన్ని, పెదవుల మడతల మధ్య, చేత్తో మెల్లిగా గోరువెచ్చని నీళ్లతో కడుక్కోండి. పీచు, బ్రష్, సున్నిపిండి అక్కడ వద్దు, ఆ చర్మం చాలా పలచన. సబ్బు కావాలనుకుంటే వాసన లేనిది తొడల సందుల వరకు, మలద్వారం చుట్టూ వాడి బాగా కడిగేయండి. మలవిసర్జన తర్వాత ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే. హెల్త్ ఫాసెట్ వాడేటప్పుడు చాలామంది వెనక నుంచి ముందుకి కొడతారు. మలంలోని ఈ-కొలై బాక్టీరియా మూత్రద్వారానికి చేరే దారి అదే. ఆడవాళ్లలో మూత్రనాళం పొడవు 4 సెంటీమీటర్లే, లోపలికి ఎక్కడానికి వాటికి ఎంతోసేపు పట్టదు.

ఇంకోటి, ఎవరూ చెప్పనిది. మనం నీళ్లతో కడుక్కుంటాం, మంచిదే. కానీ తుడుచుకోకుండా అలాగే ప్యాంటీ పైకి లాగేసుకుంటాం. రోజుకి ఆరేడు సార్లు అలా చేస్తే ఆ బట్ట రోజంతా తడిగానే ఉంటుంది. పైన బిగుతు జీన్సో లెగ్గింగ్సో, పది గంటలు కుర్చీలో. ఫంగస్‌కి అంతకన్నా ఏం కావాలి? హ్యాండ్‌బ్యాగ్‌లో టిష్యూలు గానీ, చిన్న కాటన్ గుడ్డలు రెండు మూడు గానీ పెట్టుకోండి. అద్ది తడి పీల్చనివ్వాలి, రుద్దొద్దు. దురద ఉన్న మా పేషెంట్లలో ఈ ఒక్క మార్పుతోనే తేడా కనిపించినవాళ్లు చాలామంది.

ప్యాంటీలు కాటన్‌వి, ఒక సైజు వదులుగా. ఎండాకాలంలో, చెమట ఎక్కువ పట్టేవాళ్లు రోజుకి రెండు మార్చుకోవాలి. హాస్టల్లో అసలు తంటా ఆరేయడం దగ్గర వస్తుంది. ఎవరైనా చూస్తారని టవల్ కింద దాచి, లేదా బాత్రూమ్ తలుపు వెనక తగిలించి ఆరేస్తారు. వానాకాలంలో అవి రెండు రోజులైనా పూర్తిగా ఆరవు. ఎండ తగిలే చోట విప్పి ఆరేయండి, చూసేవాళ్లు చూస్తారు. వాన రోజుల్లో వేడి ఇస్త్రీ చేసి వేసుకోండి. వాషింగ్ మెషీన్ అందరిదీ ఒకటే అయితే లోదుస్తులు విడిగా ఉతుక్కుని, సర్ఫ్ వాసన పోయేదాకా జాడించండి. రాత్రి గదిలో వీలైతే వదులు నైటీతో, ప్యాంటీ లేకుండా పడుకోవచ్చు.

ఇప్పుడు మీ దురద. దురద అనగానే అన్నీ ఒకటే కాదు, ఆ కిట్‌తో నాకున్న పేచీ అదే.

తెల్లగా విరిగిన పాలలా గడ్డలుగా వస్తూ, విపరీతమైన దురద, మంట, ఎర్రదనం ఉంటే, వాసన పెద్దగా లేకపోతే, అది కాండిడా అనే ఫంగస్ కావచ్చు. నలుగురిలో ముగ్గురు ఆడవాళ్లకి జీవితంలో ఒక్కసారైనా వస్తుంది, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. షుగర్ ఉన్నవాళ్లలో, గర్భిణుల్లో, యాంటీబయోటిక్ వాడాక ఎక్కువ. సంవత్సరంలో మూడు నాలుగు సార్లు తిరగబెడితే షుగర్ పరీక్ష తప్పనిసరి. పలచగా, బూడిద రంగుగా, చేపల వాసనతో, ముఖ్యంగా కలయిక తర్వాత వాసన ఎక్కువైతే అది బాక్టీరియల్ వెజైనోసిస్. దీంట్లో దురద తక్కువ. పచ్చటి పసుపులో నురగగా వస్తే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి కావచ్చు, అది కలయిక ద్వారా వస్తుంది కాబట్టి భార్యాభర్తలిద్దరూ ఒకేసారి మందు వాడాలి. ఇవేవీ కాకుండా సబ్బు, సెంటు ఉన్న ప్యాంటీ లైనర్, వెట్ వైప్స్, ఇంటిమేట్ వాష్ వల్ల చర్మం ఒరుసుకుని కూడా అచ్చం ఇలాగే దురద, మంట పుడతాయి. ఈ చివరిదానికి ఏ మాత్రా పనిచేయదు. మానేయడమే మందు.

మీకు ఇచ్చిన నాలుగు మాత్రల కిట్‌లో మామూలుగా ఉండేవి ఫ్లూకోనజోల్ ఒకటి, అజిత్రోమైసిన్ ఒకటి, సెక్నిడజోల్ రెండు. ఫంగస్‌కి ఒకటి, బాక్టీరియాకి ఒకటి, ఇంకోదానికి ఇంకోటి. చీకట్లో నాలుగు రాళ్లు విసిరితే ఏదో ఒకటి తగులుతుందిలే అనే పద్ధతి ఇది. అవసరం లేని యాంటీబయోటిక్ వేసుకుంటే లాక్టోబాసిల్లస్ ఇంకా తగ్గి, ఫంగస్ తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో కూడా కిట్లు ఇస్తారు కదా అంటారేమో. నిజమే, అక్కడ లక్షణాల్ని బట్టి రంగుల కిట్లు ఉచితంగా ఇస్తారు. తెల్లబట్టకి ఇచ్చే ఆకుపచ్చ కిట్‌లో సెక్నిడజోల్, ఫ్లూకోనజోల్ మాత్రమే ఉంటాయి, అజిత్రోమైసిన్ ఉండదు. అదీ మాట్లాడి, వీలైతే పరీక్ష చేసి ఇస్తారు. గర్భం ఉండొచ్చన్న అనుమానం ఉంటే నోటి ద్వారా ఫ్లూకోనజోల్ వేసుకోకూడదు. మెడికల్ షాపులో ఆ ప్రశ్న అడిగేవాళ్లు ఎంతమంది?

మీరు ముందు చేయాల్సింది ఇది. రెండు వారాలు అన్నీ మానేయండి. నీళ్లు తప్ప ఏదీ తగలనివ్వొద్దు. మంటగా ఉంటే బయటి చర్మానికి వాసన లేని పెట్రోలియం జెల్లీ పలచగా రాయండి. ఈలోపే గైనకాలజిస్టుకి ఒకసారి చూపించండి. పీహెచ్ కాగితం, మైక్రోస్కోప్ కింద ఒక తడి స్లైడ్, ఈ రెండింటితో ఎక్కువ కేసుల్లో విషయం తేలిపోతుంది. పెద్ద ప్యాకేజీ పరీక్షలు అక్కర్లేదు.

దురద తొడల సందుల్లో ఉండి, గుండ్రంగా అంచులు ఎర్రగా పాకుతుంటే అది తామర. గత పదేళ్లుగా మన దేశంలో తామర మొండిగా తయారైంది. అందుకు పెద్ద కారణం మెడికల్ షాపుల్లో దొరికే స్టెరాయిడ్ కలిసిన మూడు నాలుగు మందుల క్రీములు. రాయగానే దురద ఆగుతుంది, కింద ఫంగస్ పాకుతూనే ఉంటుంది, చర్మం పలచబడి చారలు పడుతుంది. ఘాటైన స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నియమం బిగించింది. అయినా అడిగితే ఇస్తూనే ఉన్నారు. ట్యూబు మీద క్లోబెటసాల్, బెటామెథసోన్ అన్న పేర్లు కనిపిస్తే పక్కన పెట్టి స్కిన్ డాక్టర్‌ని కలవండి. హాస్టల్లో టవళ్లు, దుప్పట్లు మార్చుకుంటే ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది.

మూత్రం ఆపుకోవడం గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను. ఆఫీసు టాయిలెట్ బాగుండదనో, రాత్రి బస్సులో ఊరికి వెళ్తూ డాబా దగ్గర దిగడం ఇష్టం లేకనో నీళ్లు తాగడమే మానేసే అమ్మాయిలు ఎక్కువ. టాయిలెట్ సీటు నుంచి యోని ఇన్ఫెక్షన్లు రావడం చాలా అరుదు. ఆపుకోవడం వల్ల మూత్రం ఇన్ఫెక్షన్ రావడం మాత్రం మామూలు. మూడు నాలుగు గంటలకోసారి వెళ్లండి. సీటుకి తగలకుండా గాల్లో కూర్చుంటే మూత్రసంచి పూర్తిగా ఖాళీ కాదు. టిష్యూ వేసుకునైనా కూర్చోండి. మూత్రంలో మంట, మాటిమాటికీ రావడం మొదలైతే ఒక మూత్ర పరీక్ష చేయించుకోవాలి. చలి, జ్వరం, వీపు పక్కల నొప్పి తోడైతే అదే రోజు డాక్టర్ దగ్గరికి.

నెలసరి రోజుల్లో ప్యాడ్ నిండకపోయినా నాలుగు నుంచి ఆరు గంటలకి మార్చాలి. రక్తం తక్కువగా ఉందని పొద్దున్నుంచి రాత్రిదాకా ఒకటే ఉంచుకుంటే ఒరుసుకుపోతుంది, వాసన కూడా అందువల్లే. ఖర్చు గురించి ఆలోచించేవాళ్లకి చెప్తున్నాను, జన ఔషధి దుకాణాల్లో సువిధ ప్యాడ్‌లు ఒక్కోటి రూపాయికి 2019 నుంచి దొరుకుతున్నాయి. సెంటు ఉన్న ప్యాడ్‌లు వద్దు. గుడ్డ వాడేవాళ్లని నేనేమీ తప్పు పట్టను, శుభ్రంగా ఉతికి ఎండలో ఆరేసినది ప్యాడ్‌కి తీసిపోదు. ముట్టు గుడ్డ ఎవరి కంటా పడకూడదని గొడ్ల సావిట్లో, మంచం కింద చీకట్లో ఆరేస్తేనే ఇబ్బంది. మెన్‌స్ట్రువల్ కప్ అలవాటైతే హాస్టల్‌లో ఉండేవాళ్లకి సుఖం, 12 గంటల లోపు ఒకసారి తీసి కడుక్కుంటే చాలు, నెలసరి మొదట్లో, చివర్లో నీళ్లలో ఐదు నిమిషాలు మరిగించాలి. పెళ్లి కాని అమ్మాయిలు వాడకూడదన్న వైద్య నియమం ఏదీ లేదు. కన్నెపొర కొంచెం సాగొచ్చు, చాలామందిలో అది ఆటల వల్లో మరోదాని వల్లో ఎప్పుడో సాగి ఉంటుంది కూడా. మీకు ఇష్టమైతే వాడండి, లేకపోతే లేదు. వాడిన ప్యాడ్ మాత్రం కాగితంలో చుట్టి డస్ట్‌బిన్‌లోనే. కమోడ్‌లో వేస్తే హాస్టల్ మొత్తానికి అవస్థ.

పెళ్లి దగ్గర పడుతోంది కాబట్టి పార్లర్ల గురించి. బ్రైడల్ ప్యాకేజీల్లో బికినీ వ్యాక్స్, ఇంటిమేట్ వైట్‌నింగ్ అని కలుపుతున్నారు. అక్కడి వెంట్రుకలు మురికి కాదు, చర్మం ఒరుసుకోకుండా కాపాడతాయి. తీయాలనిపిస్తే చిన్న కత్తెరతోనో ట్రిమ్మర్‌తోనో పొట్టి చేసుకోవడం అన్నిటికన్నా క్షేమం. రేజర్‌తో గీస్తే కురుపులు, లోపలికి పెరిగే వెంట్రుకలు. సరిగ్గా పెళ్లికి వారం ముందు చీము గడ్డలతో వచ్చే పెళ్లికూతుళ్లని చూస్తూనే ఉంటాను. అక్కడి చర్మం మిగతా ఒంటికన్నా నల్లగా ఉండటం హార్మోన్ల వల్ల, అందరికీ అంతే. తెల్లబరిచే క్రీములు డబ్బు దండగే కాదు, మంట కూడా. ఒక్క మినహాయింపు ఉంది. గజ్జల్లో, మెడ మీద, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, మఖమల్‌లా మారితే షుగర్ వచ్చే ముందు సూచన కావచ్చు, దానికి కావాల్సింది రక్తపరీక్ష. టాల్కం పౌడర్ కూడా అక్కడ వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2024లో టాల్క్‌ని బహుశా క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది.

ముహూర్తానికి నెలసరి వస్తుందేమోనని వాయిదా మాత్రలు కొనుక్కోవడం మన దగ్గర మామూలైపోయింది. వ్రతానికోసారి, తిరుపతికోసారి అదే మాత్ర. ఎప్పుడో ఒకసారి డాక్టర్ సలహాతో అయితే సరే. మైగ్రేన్, అధిక బరువు, కుటుంబంలో రక్తం గడ్డలు కట్టిన చరిత్ర ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి.

పెళ్లయిన కొత్తలో మూత్రం మంట చాలామందికి వస్తుంది. కలయిక తర్వాత మూత్రానికి వెళ్లి, బయటివరకు నీళ్లతో కడుక్కుంటే సరిపోతుంది. లోపల కడిగితే గర్భం రాదనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, అదీ నిజం కాదు. పొడిగా ఉండి నొప్పి పుడితే నీటితో చేసిన లూబ్రికెంట్ వాడండి. కొబ్బరి నూనె, పెట్రోలియం జెల్లీ కండోమ్‌ని చింపేస్తాయి. పైన దురదకి జెల్లీ రాయమన్నాను కదా, ఆ రోజుల్లో ఇది గుర్తుంచుకోండి. నొప్పి మొదటి కొన్నిసార్లు దాటి కొనసాగితే ఓర్చుకోవాలని ఎవరు చెప్పినా వినకండి, వైద్యం ఉంది.

ఇక మీ అసలు భయం, అమ్మగారి ఆపరేషన్. మీ అమ్మగారిది ఒక్కరి కథ కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16 విడతలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో పై రెండు స్థానాలూ మనవే. వీళ్లందరికీ అవసరం లేకుండా చేశారని నేను అనను. ఫైబ్రాయిడ్లు అనే గర్భసంచి గడ్డలు, ఆగని రక్తస్రావం, గర్భసంచి జారడం, క్యాన్సర్ నిజమైన కారణాలు. తెల్లబట్ట ఒక్కటే అయితే అది కారణం కాదు. చిన్న వయసులోనే పిల్లలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోవడం, ఇక దానితో ఏం పని అనే ఆలోచన, క్యాన్సర్ అన్న మాట వినగానే కాళ్లు చల్లబడటం, ఇవన్నీ కలిసి ఆడవాళ్లని ఆపరేషన్ బల్ల ఎక్కించాయి. అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద పర్యవేక్షణ పెట్టమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పాల్సి వచ్చింది. గర్భాశయ ముఖద్వారం పుండు అని స్కానింగ్‌లోనో, కంటితో చూసో చెప్పేది కూడా వయసులో ఉన్నవాళ్లలో చాలాసార్లు మామూలు మార్పే. ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే స్మియర్ పరీక్ష బాగుంటే దానికి వైద్యమే అక్కర్లేదు.

తెల్లబట్ట ముదిరి క్యాన్సర్ అవ్వదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి దాదాపు ఎప్పుడూ కారణం హెచ్‌పీవీ వైరస్, అది కలయిక ద్వారా వస్తుంది, ఏళ్ల తరబడి ఉండిపోయినవాళ్లలో మాత్రమే క్యాన్సర్‌గా మారుతుంది. టీకా ఉంది. 9 నుంచి 14 ఏళ్ల మధ్య రెండు డోసులతో అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది, 15 దాటితే మూడు. మన దేశంలో తయారైన సర్వావాక్ 2023 నుంచి దొరుకుతోంది, అది 26 ఏళ్ల దాకా. మీ వయసుకి వేరే టీకా ఉంది, 45 దాకా వేసుకోవచ్చు, పెళ్లికి ముందు మొదలుపెడితే లాభం ఎక్కువ, డాక్టర్‌ని అడగండి. 30 నిండాక ఐదేళ్లకోసారి పరీక్ష చేయించుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వీఐఏ అనే పరీక్షకి ముఖద్వారం మీద ఎసిటిక్ యాసిడ్ రాసి చూస్తారు, కొన్ని నిమిషాల పని. దేని కోసం ఆగకుండా వెంటనే చూపించుకోవాల్సినవి వేరే ఉన్నాయి. కలయిక తర్వాత రక్తం, రెండు నెలసరుల మధ్య రక్తం, ముట్లు ఆగిపోయాక ఒక్క చుక్క రక్తమైనా, పొత్తికడుపు నొప్పితో జ్వరం, మానని పుండు, గడ్డ.

అమ్మగారి విషయంలో మీరు చేయగలిగింది ఒకటుంది. ఆమె పాత డిశ్చార్జ్ కాగితం, బయాప్సీ రిపోర్టు ఇంట్లో ఉన్నాయేమో వెతకండి. అండాశయాలు కూడా తీశారా, ముఖద్వారం ఉంచారా అన్నది అందులో ఉంటుంది. 35కే అండాశయాలు తీసేస్తే ఎముకలు త్వరగా గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. ఉంచినా ముట్లుడిగే మార్పులు కొన్నేళ్లు ముందే రావచ్చు. ముఖద్వారం ఉండిపోతే ఆమెకి ఇప్పటికీ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ పరీక్ష కావాలి. అడిగితే చెప్పదేమో గానీ, ఆమెకి అక్కడ పొడిబారి మంటగా ఉండొచ్చు, మూత్రం ఇన్ఫెక్షన్లు తిరగబెడుతూ ఉండొచ్చు. తక్కువ మోతాదు ఈస్ట్రోజన్ క్రీము చాలామందికి బాగా పనిచేస్తుంది, పాత కాగితాలు చూశాక డాక్టర్ రాయాలి. మందు మాట తర్వాత, సబ్బు మాత్రం ఆమె చేత ఇవాళే మాన్పించండి.

మీరు డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు రెండు రోజులు లోపలికి క్రీము, మాత్ర ఏదీ పెట్టొద్దు, నెలసరి లేని రోజు చూసుకోండి. చివరి నెలసరి తేదీ, వాడిన మందుల ఫోటోలు ఫోన్‌లో ఉంచుకోండి. ఇప్పటిదాకా కలయిక లేకపోతే ఆ మాట ముందే చెప్పండి, లోపలికి చూడటానికి వాడే స్పెక్యులమ్ అనే పరికరం పెట్టకుండా, దూది చుట్టిన సన్నని పుల్లతోనే నమూనా తీసుకోవచ్చు. ఉంటే అదీ చెప్పండి, పక్కన ఎవరైనా ఉండి చెప్పలేకపోతే వాళ్లని బయట కూర్చోమని అడిగే హక్కు మీకుంది. పరీక్ష చేసేటప్పుడు గదిలో మరో ఆడమనిషి, నర్సో ఆయమ్మో ఉండాలని కోరవచ్చు. రెండు వారాలు నీళ్లతోనే గడిపి, డాక్టర్‌ని కలిశాక రిపోర్టులో ఏముందో రాయండి, మందు పేర్లతో సహా. అవసరం లేనిది ఉంటే చెప్తాను.